పిడుదు పట్టాక తొలి 30 రోజులు: లైమ్ జబ్బును మొదట్లోనే గుర్తించి నయం చేసుకోవడం ఎలా

గేదె చెవిలోనో కుక్క మెడ కిందో శనగగింజంత ఉబ్బి వేలాడే పిడుదును మన ఊళ్లలో చూడనివాళ్లు తక్కువ. కొన్నిచోట్ల గోమారి అంటారు, అమెరికాలో టిక్ అంటారు. ఆ ఉబ్బిన పురుగునే మనసులో పెట్టుకుని, న్యూజెర్సీలోనో కనెక్టికట్‌లోనో పెరట్లో తిరిగొచ్చి ఒళ్లు చూసుకుంటే ఏమీ కనపడదు. అక్కడ లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బును ఎక్కువగా అంటించేది గసగసాల గింజంత ఉండే పిల్ల పిడుదు. 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అది కరిచినట్టే తెలియదు. దాని జోరంతా మే నుంచి జులై దాకా. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పెరట్లో గోంగూర మడులు, బీర పాదులు చేసుకుంటూ, సాయంత్రం పూట చెట్ల వెంబడి కాలిబాటలో నడిచే నెలలు కూడా అవే.

మొదటి నెలలో గుర్తిస్తే 10 నుంచి 14 రోజుల మామూలు యాంటీబయాటిక్ మాత్రలతో దాదాపు అందరికీ ఈ జబ్బు తగ్గిపోతుంది. అయితే ఆ మొదటి నెలలో రక్తపరీక్ష చాలామందికి ఏమీ చూపించదు. కంటితో చూసి గుర్తించాల్సిన జబ్బు ఇది. అందుకే ఇక్కడ మందుల కంటే ముందు పురుగు గురించి, అది కరిచాక చర్మం మీద వచ్చే మచ్చ గురించి వివరంగా చెబుతున్నాం.

ముందు తెలియాల్సింది: ఏ పిడుదు, ఏ ప్రాంతం

1975 ప్రాంతంలో కనెక్టికట్‌లోని లైమ్, ఓల్డ్ లైమ్ ఊళ్లలో పిల్లలకు వరసగా మోకాళ్లు వాచిపోతుంటే, పాలీ మరే అనే తల్లి ఊరుకోకుండా అధికారుల వెంటపడింది. యేల్ యూనివర్సిటీలో పనిచేస్తున్న అలెన్ స్టీర్ బృందం దాన్ని కొత్త జబ్బుగా గుర్తించింది. ఆ ఊరి పేరే జబ్బుకు వచ్చింది. పిడుదు కడుపులో ఉన్న మెలికల బ్యాక్టీరియాను కనిపెట్టిన విల్లీ బర్గ్‌డార్ఫర్ పేరు మీద దాన్ని బొరీలియా బర్గ్‌డార్ఫెరై అంటున్నారు.

దీన్ని మోసేది నల్లకాళ్ల పిడుదు. డీర్ టిక్ అని పిలుస్తారు కానీ జింక దీనికి ఆహారం మాత్రమే, సూక్ష్మజీవి దాని దగ్గర నుంచి రాదు. గుడ్డులోంచి వచ్చిన పిడుదు శుభ్రంగానే ఉంటుంది. మొదటిసారి అడవి ఎలుక రక్తం తాగినప్పుడు దానికి బ్యాక్టీరియా అంటుతుంది. మరుసటి వేసవిలో రెండోసారి రక్తం కోసం బయల్దేరినప్పుడు మనం దొరుకుతాం. పెద్ద పిడుదు నువ్వుగింజంత ఉంటుంది, అక్టోబరు, నవంబరుల్లోనూ, చలి తగ్గిన తొలి వసంతంలోనూ తిరుగుతుంది.

అమెరికాలో వర్జీనియా నుంచి మెయిన్ దాకా తూర్పు రాష్ట్రాలు, ఉత్తరాన మిన్నెసోటా, విస్కాన్సిన్ దీనికి పుట్టినిళ్లు. ఏటా దేశం మొత్తం మీద సుమారు 4,76,000 మందికి లైమ్ అని చెప్పి వైద్యం చేస్తున్నారని 2010-2018 ఇన్సూరెన్స్ లెక్కల మీద అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వేసిన అంచనా. కాలిఫోర్నియా ఉత్తర తీరంలో ఉంది కానీ తక్కువ. డల్లాస్, హ్యూస్టన్‌ల వైపు మనిషిని పట్టేవి ఎక్కువగా వేరే రకాలు. వీపు మీద ఒక్క తెల్లచుక్క ఉన్న లోన్ స్టార్ పిడుదు వాటిలో ఒకటి. దానికి వేరే జబ్బులున్నాయి, లైమ్ మాత్రం దాంతో రాదు. యూరప్‌లో ఉన్నవాళ్లకు పిడుదు జాతీ బ్యాక్టీరియా జాతీ కాస్త వేరు, కానీ కింద చెప్పే జాగ్రత్తలు వాళ్లకూ పనికొస్తాయి.

1. బయటి నుంచి రాగానే ఒళ్లు వెతకడం

పిడుదు ఎగరదు, దూకదు, చెట్టు మీంచి రాలదు. గడ్డిపరక చివర కాళ్లు చాపుకుని కూర్చుని, రాసుకుపోయిన పంచెనో చీర కుచ్చిళ్లనో పట్టుకుంటుంది. అక్కడి నుంచి మెత్తగా, వెచ్చగా ఉండే మడత దొరికేదాకా పైకి పాకుతుంది. అందుకే వెతకాల్సింది చేతుల మీద కాదు, మడతల్లో: మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, బొడ్డులో, నడుం చుట్టూ, రొమ్ముల కింద, చెవి వెనక, జుట్టు కుదుళ్లలో. మొలతాడు కట్టుకున్న పిల్లలకు తాడు జరిపి దాని కింద చూడండి. లంగా బొందు బిగిసే చోటు కూడా అంతే. జడ వేసుకునేవాళ్లకు మెడ వెనక వెంట్రుకలు మొదలయ్యే గీత దగ్గర వేళ్లతో తడిమి చూడాలి.

కంటి కంటే వేలికొస నమ్మకమైనది. కొత్త పుట్టుమచ్చలా ఉండి, గోటితో తాకితే చిన్న గింజలా తగిలిందంటే భూతద్దం పెట్టి చూడండి. కాళ్లు కనిపిస్తాయి. వీపు, తల ఎవరికి వారు చూసుకోలేరు. పెద్దవాళ్లు మొహమాటపడి వద్దంటే, అద్దం ఇచ్చి కనీసం గజ్జలు, నడుము చూసుకోమని చెప్పండి. వచ్చిన రెండు గంటల్లో స్నానం చేస్తే ఇంకా పట్టుకోనివి కొట్టుకుపోతాయి, వెతకడానికి సందూ దొరుకుతుంది.

2. పీకడం

కావాల్సింది ఒక్కటే, సన్నమొన ట్వీజర్. కనుబొమలకు వాడే వెడల్పు మొనది సరిపోదు. దాంతో పట్టుకుంటే పిడుదు పొట్ట నలుగుతుంది. కంసాలి వాడే శ్రావణంలా మొన సూదిగా ఉండాలి.

ట్వీజర్ మొనను చర్మానికి ఆనించి, పిడుదు నోరు చర్మంలో దిగిన చోట పట్టుకోండి. పొట్టను పట్టుకోకూడదు. తిప్పకుండా, గుంజకుండా, నిట్టనిలువుగా పైకి ఒకే బలంతో లాగుతూ ఉండండి. చర్మం చిన్న గుడారంలా లేస్తుంది. ఆ బలాన్ని అలాగే కొన్ని క్షణాలు నిలిపితే పట్టు వదిలేస్తుంది. తర్వాత ఆ చోటును, మీ చేతులను సబ్బునీళ్లతోనో స్పిరిట్‌తోనో తుడవండి.

నోటి ముక్క లోపల ఉండిపోతే కంగారు వద్దు. తేలిగ్గా వస్తే తీయండి, లేదంటే వదిలేయండి, చర్మమే నెట్టేస్తుంది. ఆ ముక్క వల్ల లైమ్ రాదు. సూదితో తవ్వితే మాత్రం పుండవుతుంది.

పశువులకు చేసినట్టు కిరసనాయిలు పూయడం, అగరుబత్తితో కాల్చడం, సున్నం పెట్టడం, వాజలీన్, గోళ్లరంగు పూయడం, ఇవేవీ చేయొద్దు. ఊపిరాడక వదిలేస్తుందన్న నమ్మకంతో గంటలు గడిచిపోతాయి. వేడికో మందుకో రేగిన పిడుదు తన లాలాజలాన్ని మన ఒంట్లోకి కక్కే ప్రమాదమూ ఉంది. ట్వీజర్ లేకపోతే షాపుకో డాక్టరు దగ్గరకో పరుగెత్తి పూట పోగొట్టుకోవద్దు. టిష్యూ కాగితం అడ్డం పెట్టుకుని, వేళ్లతోనే చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి లాగేయండి.

తొందర ఎందుకంటే: బ్యాక్టీరియా పిడుదు పేగులో నిద్రాణంగా ఉంటుంది. వేడి రక్తం లోపలికి రావడం మొదలయ్యాక పైపొరలోని ప్రొటీన్ మార్చుకుని, పేగు దాటి, లాలాజల గ్రంథుల్లోకి చేరి, అప్పుడు మనలోకి దిగాలి. ఈ ప్రయాణానికి మామూలుగా 24 గంటల పైనే పడుతుంది, చాలాసార్లు 36 గంటలు దాటుతుంది. పొద్దున పట్టిన పిడుదును రాత్రి స్నానంలో పీకేస్తే లైమ్ అంటుకునే అవకాశం చాలా తక్కువ.

3. రాసిపెట్టుకోవడం

పిడుదును పారేయకుండా జిప్ కవర్లో వేయండి, లేదా పారదర్శక టేపు మధ్య అతికించండి. పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి. ఆ ఫొటోతో పాటు ఫోన్లో ఈ సంగతులు రాసుకోండి: పీకిన తేదీ, గంట, ఒంటి మీద ఏ చోట, ఏ ఊళ్లో పట్టి ఉంటుంది, చివరిసారి గడ్డిలోకి వెళ్లింది ఎప్పుడు.

పిడుదు ఆకారం కూడా చూడండి. నువ్వుగింజలా బల్లపరుపుగా ఉంటే ఇప్పుడే పట్టింది. నానబెట్టిన మినపగింజలా ఉబ్బి, బూడిదరంగుకు తిరిగితే రక్తం బాగా తాగింది, రోజు పైనే ఉంది. డాక్టరు తర్వాతి నిర్ణయం సగం దీని మీదే తీసుకుంటారు.

డబ్బు కట్టి పిడుదునే ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించే సేవలున్నాయి. అక్కర్లేదు. అందులో బ్యాక్టీరియా ఉందని తేలినా అది మీలోకి దిగిందని కాదు. లేదని తేలినా మీకు కనపడని రెండో పిడుదు కరవలేదని కాదు. ఆ ఫలితం వచ్చేలోగా, కింద చెప్పే ముందుజాగ్రత్త మాత్రకున్న 72 గంటల గడువు గడిచిపోవచ్చు కూడా.

4. మొదటి 72 గంటలు: ముందుజాగ్రత్త మాత్ర ఎవరికి

జబ్బు రాకముందే ఒక్కసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చే పద్ధతి ఉంది. పెద్దవాళ్లకు 200 మి.గ్రా., అంటే 100 మి.గ్రా. మాత్రలు రెండు, ఒకేసారి. పిల్లలకు కిలో బరువుకు 4.4 మి.గ్రా., 200 మించకుండా. 20 కిలోల పాపకు 88 మి.గ్రా. వస్తుంది, సిరప్ రూపంలో కొలిచి ఇస్తారు. ప్రిస్క్రిప్షన్ కావాలి కాబట్టి ఫ్యామిలీ డాక్టరు దగ్గరకో, అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్ క్లినిక్‌కో వెళ్లాలి.

ఇది అందరికీ కాదు. పిడుదు నల్లకాళ్ల రకమే అయ్యుండాలి, లైమ్ ఎక్కువున్న ప్రాంతంలో పట్టి ఉండాలి, 36 గంటలో అంతకు మించో ఒంటి మీద ఉండి ఉండాలి. ఈ మూడూ కుదిరి, పీకిన దగ్గర్నుంచి 72 గంటలు దాటకపోతేనే ఇస్తారు. గడువు పీకిన క్షణం నుంచి మొదలవుతుంది, కరిచినప్పటి నుంచి కాదు.

ఈ మోతాదు బలం తెలిపే లెక్క ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్ కౌంటీలో చేసి 2001లో ప్రచురించిన పరీక్షలో, మాత్ర వేసుకున్న 235 మందిలో ఒకరికి కాటు చోట లైమ్ మచ్చ వచ్చింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 247 మందిలో 8 మందికి వచ్చింది. మాత్ర బాగా పనిచేస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. మాత్ర లేకపోయినా వందలో 97 మందికి ఏమీ కాలేదని కూడా ఇదే లెక్క చెబుతోంది. కాబట్టి గడువు దాటిపోయిందని నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు. కనిపెట్టుకుని ఉండటమూ సరైన వైద్యమే.

గర్భిణికి ఈ ముందుజాగ్రత్త మోతాదు సాధారణంగా ఇవ్వరు. బదులుగా అమాక్సిసిలిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఒక్కసారి వేసుకోవడం పనిచేస్తుందని రుజువు లేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి ఏదో ఒక యాంటీబయాటిక్ మూడు రోజులు వేసుకోవడం అన్నిటికంటే చెడ్డది. జబ్బు రాకుండా ఆపదు, వస్తే మచ్చను మరుగున పెడుతుంది.

కాటు వేసిన వారంలోనే రక్తపరీక్ష అడగొద్దు. ఆ పరీక్ష వెతికే యాంటీబాడీలను, అంటే బ్యాక్టీరియాతో పోరాడే ప్రొటీన్లను, శరీరం ఇంకా తయారుచేసి ఉండదు.

5. మచ్చ: ఈ జబ్బుకు అసలు పరీక్ష

లైమ్ వచ్చినవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికి ఒక మచ్చ వస్తుంది. దీని పేరు ఎరిథెమా మైగ్రాన్స్. అర్థం "జరిగే ఎరుపు". పేరులోనే గుర్తు ఉంది. మామూలు పురుగుకాటు దద్దురు అక్కడే ఉండి తగ్గుతుంది, ఇది మాత్రం రోజురోజుకూ జరుగుతూ పెరుగుతుంది.

రెండిటికీ తేడా రోజుల్లో, సెంటీమీటర్లలో చెప్పవచ్చు. పిడుదు పీకిన రోజునో మర్నాడో వచ్చిన, రూపాయి బిళ్లంత ఎర్రటి దద్దురు లాలాజలానికి వచ్చిన ఎలర్జీ. దురద పెడుతుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. లైమ్ మచ్చ 3 నుంచి 30 రోజుల మధ్య, ఎక్కువమందికి వారం అటూ ఇటూగా వస్తుంది. 5 సెం.మీ. దాటుతుంది, అలాగే వదిలేస్తే 30 సెం.మీ. కూడా పాకుతుంది. ముట్టుకుంటే కాస్త వెచ్చగా ఉండొచ్చు. దురద, నొప్పి పెద్దగా ఉండవు. అందుకే మోకాలి వెనక ఉన్నా వారం దాకా తెలియదు.

బొమ్మల్లో చూపించే ఎద్దుకన్ను, అంటే మధ్యలో చుక్క, చుట్టూ తెల్లని వలయం, దాని చుట్టూ ఎర్రని వలయం, చాలామందికి రాదు. అమెరికాలో ఎక్కువ మచ్చలు వలయం లేకుండా ఒకే ఎరుపులో గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటాయి. వలయం లేదు కాబట్టి లైమ్ కాదనుకోవడం మొదటి పెద్ద పొరపాటు.

రెండోది మన ఒంటి రంగుకు సంబంధించినది. ఆ బొమ్మలన్నీ తెల్లతోలు మీదివి. చామనఛాయ, నల్లని చర్మం మీద ఇది ఎర్రగా కనపడకపోవచ్చు. కమిలిన దెబ్బలా ఊదాగానో, చుట్టూ చర్మం కంటే ఒక ఛాయ ముదురు గోధుమగానో ఉంటుంది. ట్యూబులైటు కింద అసలు తెలియదు. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, చర్మాన్ని పక్కనుంచి చూస్తే అంచు తేలుతుంది. వేళ్ల వెనక భాగంతో తాకి చూస్తే మచ్చ ఉన్న మేర వెచ్చదనం తెలియవచ్చు.

ఇలా చేయండి. అనుమానం వచ్చిన మచ్చ అంచు వెంబడి బాల్ పెన్నుతో గీత గీయండి. పక్కన క్రెడిట్ కార్డు పెట్టి ఫొటో తీయండి. కార్డు పొట్టి అంచు 5.4 సెం.మీ. ఉంటుంది, దానికంటే పెద్దదా చిన్నదా వెంటనే తేలిపోతుంది. మర్నాడు అదే కిటికీ దగ్గర, అదే వేళకు మళ్లీ చూడండి. లైమ్ అయితే రంగు గీత దాటి బయటికి వచ్చి ఉంటుంది. గీత లోపలికి ముడుచుకుపోతుంటే మామూలు కాటు. మచ్చ అప్పటికే 5 సెం.మీ. దాటి ఉంటే రెండో రోజు దాకా ఆగొద్దు, గీత గీసి అదే రోజు డాక్టరును కలవండి.

తామరతో పొరబడేవాళ్లు చాలామంది. తామర అంచు పొట్టులేచి, చిన్న పొక్కులతో ఉంటుంది, దురద విపరీతం, వారాల తరబడి నెమ్మదిగా సాగుతుంది. లైమ్ మచ్చ నున్నగా ఉంటుంది, రోజుల్లో పెరుగుతుంది.

మచ్చ రాని ఆ 20, 30 శాతం మంది సంగతి కష్టమే. వేసవిలో జలుబు, దగ్గు లేకుండా జ్వరం, చలి, ఒళ్లునొప్పులు, తలనొప్పి, మెడపట్టు వస్తే, గడిచిన నెలలో పెరడు, పార్కు, క్యాంపింగ్ ఏదన్నా ఉందేమో గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పండి. పిడుదు కరిచినట్టు గుర్తులేకపోవడం లైమ్‌ను కొట్టిపారేయడానికి కారణం కాదు. చాలామందికి గుర్తుండదు.

6. డాక్టరు దగ్గర

మొదటి వాక్యంలోనే చెప్పండి: "ఫలానా తేదీన, ఫలానా చోట పిడుదు పట్టింది. ఫలానా రోజున మచ్చ మొదలైంది. రోజూ పెరుగుతోంది." ఫొటోలు వరసగా చూపించండి.

లైమ్ ఎక్కువున్న ప్రాంతాల్లో మచ్చ స్పష్టంగా ఉంటే చూసి వైద్యం మొదలుపెట్టాలి, రక్తపరీక్ష అక్కర్లేదు. మచ్చ దశలో యాంటీబాడీ పరీక్ష సగం మందికి కూడా పాజిటివ్ రాదు. పరీక్ష చేయించి, నెగిటివ్ అని మందు ఆపేసి, నెల తర్వాత మోకాలు వాచినప్పుడు మళ్లీ మొదలుపెట్టడం, ఇదే తరచూ జరిగే నష్టం. మచ్చ అనుమానంగా ఉంటే ఇప్పుడొకసారి, 2, 3 వారాల తర్వాత ఇంకోసారి రక్తం తీసి పోలుస్తారు. ఈ పరీక్ష రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటిది పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఖాయం కాదు, రెండోదీ రావాలి. జబ్బు తగ్గాక కూడా యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి, తగ్గిందా లేదా అని తెలుసుకోవడానికి మళ్లీ పరీక్ష చేయించడం దండగ.

7. మందులు, మోతాదులు

మచ్చ దశలో వాడేవి మూడు. మొదటిది డాక్సీసైక్లిన్: పెద్దవాళ్లకు 100 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, 10 రోజులు, కొందరు డాక్టర్లు 14 రాస్తారు. రెండోది అమాక్సిసిలిన్: 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, 14 రోజులు. మూడోది సెఫ్యూరాక్సిమ్ యాక్సెటిల్: 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 14 రోజులు. ఈ మూడూ పడనివాళ్లకే అజిత్రోమైసిన్, అది వీటికంటే ఒక మెట్టు కింద.

పిల్లలకు బరువును బట్టి. డాక్సీసైక్లిన్ రోజుకు కిలోకు 4.4 మి.గ్రా., రెండు భాగాలుగా. అమాక్సిసిలిన్ రోజుకు కిలోకు 50 మి.గ్రా., మూడు భాగాలుగా. 18 కిలోల బాబుకు అమాక్సిసిలిన్ రోజుకు 900 మి.గ్రా., అంటే పూటకు 300. సెఫ్యూరాక్సిమ్ రోజుకు కిలోకు 30 మి.గ్రా., రెండు భాగాలుగా. ఏదైనా ఒక్కో పూట మోతాదు పెద్దవాళ్ల మోతాదును మించకూడదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్లు పచ్చబడతాయన్న భయం పాత టెట్రాసైక్లిన్ నాటిది. 21 రోజుల లోపు వాడితే ఏ వయసులోనైనా ఇవ్వవచ్చని ఇప్పుడు అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. గర్భిణులకు మాత్రం అమాక్సిసిలిన్ మొదటి ఎంపిక.

పొరపాటు ఎక్కువగా జరిగేచోటు ఒకటుంది. ఎర్రటి మచ్చను చూసి చర్మం కింద చీము ఇన్ఫెక్షన్ అనుకుని సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ రాస్తుంటారు. సెఫలెక్సిన్ లైమ్ బ్యాక్టీరియా మీద పనిచేయదు, మచ్చ పెరుగుతూనే ఉంటుంది. మీ చేతిలో ఆ చీటీ ఉంటే, పిడుదు సంగతి చెప్పి, "ఇది లైమ్‌కు పనిచేస్తుందా" అని అడగండి. అడగడంలో తప్పులేదు.

డాక్సీసైక్లిన్ వేసుకునే పద్ధతి చాలా ముఖ్యం, మన తిండి అలవాట్ల వల్ల ఇంకా ముఖ్యం. పాలు, పెరుగు, మజ్జిగలోని కాల్షియం మందును పట్టుకుని ఒంట్లోకి ఇంకనివ్వదు. పెరుగన్నం తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే మందు కొంత వృథా. కాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్ మాత్రలు, గ్యాస్‌కు తాగే యాంటాసిడ్‌లు కూడా అంతే. వీటికీ దీనికీ కనీసం 2 గంటలు ఎడం ఉంచండి. అలాగని పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. పొద్దున ఇడ్లీనో ఉప్మానో తిన్నాక ఒకటి, రాత్రి పప్పన్నమో చపాతీనో తిన్నాక ఒకటి, రాత్రి పెరుగు ఆ పది రోజులూ మానేసి మధ్యాహ్నానికి మార్చుకోండి. కాఫీ, టీలలోనూ పాలుంటాయని మరిచిపోవద్దు.

నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట దాకా పడుకోకండి. గొంతులో అతుక్కుంటే అన్నవాహికలో పుండవుతుంది. నిద్రపోయే ముందు గుక్కెడు నీళ్లతో వేసుకునే పెద్దవాళ్లకు ఇది జరుగుతుంది. ఎండకు చర్మం తొందరగా కాలుతుంది కాబట్టి నిండు చేతుల చొక్కా, టోపీ వేసుకోండి. రక్తం పలచబడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజిపైన్ వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

8. మందు మొదలుపెట్టాక

తొలి 24 గంటల్లో కొందరికి జ్వరం, చలి, ఒళ్లునొప్పులు పెరుగుతాయి. చచ్చే బ్యాక్టీరియాకు శరీరం స్పందించడం వల్ల ఇలా అవుతుంది. ఒక రోజులో సర్దుకుంటుంది, మందు ఆపొద్దు. అదే ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం అయితే మందు ఎలర్జీ, వెంటనే ఆపి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మందు మొదలుపెట్టి 48 గంటలు దాటినా జ్వరం తగ్గకపోతే ఇంకో జబ్బు కూడా అంటిందేమో చూడాలి. ఇదే పిడుదు అనాప్లాస్మోసిస్‌నూ బబేసియోసిస్‌నూ కూడా మోస్తుంది. అనాప్లాస్మాకు డాక్సీసైక్లిన్ సరిపోతుంది, అమాక్సిసిలిన్ సరిపోదు. బబేసియాకు ఈ రెండూ సరిపోవు. అది మలేరియాలా ఎర్రరక్త కణాల్లో చేరుతుంది, రక్తం స్మియర్, అంటే గాజుపలక మీద పరిచిన రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసి వేరే మందులివ్వాలి. అరవై దాటినవాళ్లకూ, ప్లీహం తీసేసినవాళ్లకూ అది ప్రాణాల మీదికి తేగలదు.

కింది వాటిలో ఏది కనిపించినా జబ్బు చర్మం దాటి లోపలికి పాకిందనుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి:

- కాటు లేని చోట్ల కూడా మచ్చలు రావడం
- ముఖం ఒక పక్కకు జారడం, కన్ను మూతపడకపోవడం. పెద్దవాళ్లలో ఇది పక్షవాతమూ కావచ్చు, లైమ్ అని ఇంట్లో తీర్మానించకుండా అమెరికా ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేయండి
- భరించలేని తలనొప్పి, మెడ వంచలేకపోవడం
- కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, ఆయాసం, ఛాతీ నొప్పి

చివరిది అరుదు కానీ ప్రమాదకరం. బ్యాక్టీరియా గుండెలో విద్యుత్తు నడిచే దారిని అడ్డుకుంటుంది. ఈసీజీలో పీఆర్ వ్యవధి, అంటే ఆ విద్యుత్తు గుండె పైగదుల నుంచి కిందిగదులకు చేరే సమయం, 300 మిల్లీసెకన్లు దాటితే ఆసుపత్రిలో చేర్చి, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ నరానికి ఎక్కిస్తారు. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడే నాన్నలు ఆ సంగతి తప్పక చెప్పాలి, అవీ గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఈ దశల్లో మందు 14 నుంచి 21 రోజులు సాగుతుంది.

మచ్చ మాసిపోయాక కూడా నీరసం, కీళ్ల నొప్పులు కొన్ని వారాలు ఉండొచ్చు. వందలో 5 నుంచి 10 మందికి ఆరు నెలలకు మించి ఉంటాయి. ఆ బాధ నిజమైనదే, తేలిగ్గా తీసేయొద్దు. కానీ నెలల తరబడి యాంటీబయాటిక్ వాడితే అది తగ్గదని జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో తేలింది. నరానికి గొట్టం పెట్టి నెలల కోర్సులు అమ్మేచోట డబ్బుతో పాటు ఆరోగ్యమూ పోతుంది.

9. ఇండియాకు తిరిగి వచ్చాక మచ్చ కనిపిస్తే

జూన్ చివర పెరట్లో పిడుదు పట్టి, జులై మొదట్లో విజయవాడలోనో కరీంనగర్‌లోనో దిగిన అమ్మకు మచ్చ అక్కడే బయటపడొచ్చు. మన దగ్గర లైమ్ చాలా అరుదు కాబట్టి డాక్టరుకు అది తోచకపోవడం సహజం. తామర అనుకుని మెడికల్ షాపులో స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇచ్చేస్తారు. అమెరికాలో ఏ రాష్ట్రంలో ఉన్నారు, ఏ తేదీల్లో ఉన్నారు, పిడుదు ఫొటో, మచ్చ ఫొటోలు, ఇవి చూపిస్తే చాలు. డాక్సీసైక్లిన్ ఏ చిన్న పట్నంలోనైనా దొరుకుతుంది, ల్యాబ్ కోసం ఆగాల్సిన పనిలేదు.

ఆంధ్రలో, తెలంగాణలో వినిపించే స్క్రబ్ టైఫస్ వేరు. దాన్ని అంటించేది పిడుదు కాదు, పొదల్లో ఉండే కంటికి ఆనని చిగ్గర్ పురుగు. అక్కడ పెరిగే ఎర్రమచ్చ ఉండదు, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉండొచ్చు, జ్వరం తీవ్రంగా వస్తుంది. దానికీ మొదటి మందు డాక్సీసైక్లిన్. ఇక అమెరికా నుంచి వచ్చినవాళ్ల రక్తం స్మియర్‌లో ఎర్రకణాల లోపల ఉంగరాల్లాంటి ఆకారాలు కనిపిస్తే ఫాల్సిపేరం మలేరియా అనుకునే ముందు బబేసియాను గుర్తుచేయండి. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకలాగే ఉంటాయి.

10. మళ్లీ రాకుండా

ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రాదని లేదు, ఇంకో కాటుతో ఇంకోసారి వస్తుంది. లేత రంగు ప్యాంటు వేసుకుని, దాన్ని సాక్సుల్లోకి దోపుకోండి. చర్మానికి 20 నుంచి 30 శాతం డీట్ (పురుగులను దూరంగా ఉంచే మందు) ఉన్న స్ప్రే, బూట్లకూ బట్టలకూ 0.5 శాతం పర్మెత్రిన్ అనే పురుగుల మందు. పర్మెత్రిన్ చర్మానికి పూయకూడదు, బట్టల మీద కొట్టి పూర్తిగా ఆరాక వేసుకోవాలి, తడిగా ఉన్నప్పుడు పెంపుడు పిల్లికి విషం. పెరట్లో కూరగాయల మడికీ చెట్ల గుబురుకీ మధ్య మూడడుగుల వెడల్పున చెక్కపొట్టు పరిస్తే ఆ ఎండిన పట్టీని దాటి పిడుదులు తక్కువగా వస్తాయి.

ఇంటికి రాగానే బట్టలు విప్పి నేరుగా డ్రైయర్‌లో పడేసి, ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. ముందు ఉతకొద్దు. చల్లనీళ్లలో, గోరువెచ్చని నీళ్లలో పిడుదు ఈది బతుకుతుంది, పొడివేడికి చస్తుంది. బట్టలు తడిసి ఉంటే పూర్తిగా ఆరేదాకా తిప్పాలి.